నీళ్ళ పరీక్ష

ముల్లు నిలబడింది. ఇంజనుకు బిగించి ఉన్న మీటరు ముల్లు కాదు, నేను సంచీలో వేసుకొచ్చిన మీటరుది. అమ్మేవాళ్ళ మీటరును నమ్మడమంటే మిర్చి యార్డులో కొనేవాడి కాటాను నమ్మినట్టే. బుడాన్ గారు మంచివాడే కావచ్చు, అంతమాత్రాన ఆయన బాయిలరు కూడా మంచిదై ఉండాలని ఎక్కడా రాసి లేదు. పంపు పిడి కొట్టీ కొట్టీ నా భుజం పీకుతోంది. బాయిలరు నిండా నీళ్ళు, లోపల బుడగంత గాలి కూడా లేకుండా పొర్లేదాకా పోసి, సేఫ్టీ వాల్వులు రెండూ విప్పి ఆ రంధ్రాలకు బిరడాలు బిగించి, ఆవిరితో అది మోయాల్సిన ఒత్తిడికి రెట్టింపు ఎక్కించాను. ఇక చెయ్యడానికేమీ లేదు, కూర్చుని చూడటమే. ముల్లు కిందికి జారితే ఎక్కడో కారుతున్నట్టు. జారకపోతే, పడుకున్న దూడంత ఉన్న ఈ నల్ల బుల్లి రైలింజనును నలుగురి చేత పట్టించి ట్రాలీ ఆటో ఎక్కించుకుని ఇవాళే పర్చూరు నుంచి నరసరావుపేటకు తీసుకుపోతాను. పక్క కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నట్టున్నారు, రేకుల షెడ్డులోకి ఘాటు వస్తోంది, మంచంలో కూర్చున్న బుడాన్ గారు దగ్గి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, నా వైపు కాకుండా నా పక్కనున్న గోడ వైపు చూస్తూ, "ఎంతుందమ్మా?" అన్నారు. షుగరు ఆయన కళ్ళు తినేసింది, ఇప్పుడు కిడ్నీలు తింటోంది. "అక్కడే ఉందండీ" అన్నాను. "ఉంటదమ్మా. ఎందుకుండదు" అన్నారు.

ఎందుకుండదు అంటే ఏం చెప్పను, ఉండకపోవడానికి వెయ్యి కారణాలుంటాయి, పాలిటెక్నిక్‌లో ఏటా పిల్లలకు అవే చెబుతాను. నిండా నీళ్ళున్న బాయిలరు పగిలితే ఆ పగులులోంచి చుక్కలు కారి ఊరుకుంటుంది, నీళ్ళు నొక్కితే నొక్కుకుపోవు, వదిలితే ఎగిరి పడవు, అందుకే పరీక్ష నీళ్ళతో చేస్తాం, అదే ఆవిరితో ఉన్నది పగిలిందా, ఒక బిందెడు నీళ్ళు గది నిండా ఆవిరై ఒక్కసారిగా బయటికి వస్తాయి, అంటాను. పిల్లలు రాసుకుంటారు. ఆవిరి ఇంజను చూసినవాడు ఒక్కడూ ఉండడు వాళ్ళలో. నేను మాత్రం గది అన్న మాట దగ్గర ప్రతి ఏడూ ఆగి, బోర్డు వైపు తిరిగి, తుడవాల్సిన అవసరం లేని దాన్ని తుడుస్తాను. గది ఎక్కడిది, ఆ మిల్లులో బాయిలరు గదికి తరవాత నాలుగు గోడల్లో ఒక్కటే మిగిలింది. ప్రద్యుమ్న ఆ గోడ ఇవతల లేడు. నా తమ్ముడు, నా వెనకే అదే కాలేజీలో చదివి, నా పుస్తకాలే చదివి, బాయిలరు అటెండెంటు పరీక్ష రాసి పత్తి గింజల నూనె మిల్లులో చేరాడు, చేరిన రోజు ఫోను చేసి, అక్కా నీది చాక్‌పీసు ఆవిరి, నాది అసలు ఆవిరి, అని ఎగతాళి చేశాడు. సీజనులో వాల్వు మాటిమాటికీ లేచి ఆవిరి వదిలేస్తోంది, పొయ్యిలో వేసిన పత్తి కంపంతా దండగవుతోంది అని మేనేజరు ఆ వాల్వు చేతికి, అది లేవకుండా, ఇంకో ఇనప దిమ్మ వేలాడదీయించాడు. అదీ తమ్ముడు ఫోనులోనే చెప్పాడు. తీసెయ్యరా, తియ్యనివ్వకపోతే బయటికి వచ్చెయ్యరా అని నేను అరిచాను. వాడు నవ్వి, ఏం కాదులే అక్కా, మొన్ననేగా నీళ్ళ పరీక్ష నిలబడింది, అన్నాడు. బాయిలరు పెంకు పక్కనే ఉన్న పత్తి చేలో పడింది. పత్తి ఇంకా ఏరలేదు. వాణ్ని మేం చెప్పు చూసి గుర్తుపట్టాం.

ముల్లు కదల్లేదు. టార్చి వేసి చుట్టూ చూస్తున్నాను, రాగి అతుకుల వెంట ఎక్కడైనా చెమ్మ మెరుస్తుందేమోనని, పక్క రేకులు ఉబ్బుతున్నాయేమోనని స్కేలు ఆనించి చూస్తున్నాను, లేదు, చదునుగా ఉన్నాయి. ఎంత మంచి పని. స్పిన్నింగు మిల్లులో ఫోర్‌మన్‌గా చేసిన మనిషి, డ్యూటీ దిగాక ఏళ్ళ తరబడి కూర్చుని, మీటరు గేజి రైళ్ళ రోజుల్లో తను ఎక్కి తిరిగిన ఇంజనును గుర్తుపెట్టుకుని ఒక్కో ముక్కా చేసుకున్నాడు, రాగి రేకు వంచి, వెండి మాటు వేసి, చక్రాలు పోత పోయించి. ఒంగోలు ఎగ్జిబిషన్‌లో చిన్న పట్టాలు పరిచి దీని వెనక పిల్లల్ని కూర్చోబెట్టి లాగించాడట, ఆ వీడియోయే మా స్టూడెంటు ఫోనులో చూశాను. పిల్లలు కిలకిల నవ్వుతున్నారు. చిమ్నీలోంచి పొగ. ఈల. ఆ ఈల దగ్గర నేను వీడియో ఆపి, మళ్ళీ వెనక్కి జరిపి, మళ్ళీ విన్నాను. అది గట్టి ఈల కాదు, కోడిపిల్ల గొంతు. ఇది వినగలదు, అనుకున్నాను, మనోజ్ఞ ఇది వినగలదు.

ప్రద్యుమ్న కూతురు మనోజ్ఞ. మిల్లు పక్క క్వార్టర్లలో ఉండేవాళ్ళు అప్పుడు, పసిపిల్ల, వాకిట్లో ఆడుకుంటోంది. దానికి ఏమీ గుర్తు లేదంటుంది మా మరదలు రాగసుధ, కానీ దాని ఒంటికి గుర్తుంది. ఇప్పుడు తల్లీ కూతుళ్ళు మా ఇంట్లోనే ఉంటున్నారు, కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుని డాబా చివరికి పోయి గోడకు ముఖం ఆనించి నిలబడుతుంది, కిందికి రమ్మంటే రాదు, ఒక్కోసారి అక్కడే తడుపుకుంటుంది, నాలుగో తరగతి చదివే పిల్ల. అందుకని రాగసుధ అన్నం గిన్నెలో వండుతుంది, గంజి వారుస్తుంది, పక్కింట్లో కూత వినపడే వేళకు టీవీ పెంచుతుంది. నెమ్మదిగా అలవాటు చెయ్యండి అన్నారు డాక్టరు. ఎలా అలవాటు చెయ్యాలో నాకు తెలుసు, ఈ ప్రపంచంలో నాకు తెలిసిందే అదొక్కటి. ఇదిగో నిప్పు, ఇదిగో నీళ్ళు, ఈ గాజు గొట్టంలో చూడు నీళ్ళెంత ఉన్నాయో, ఈ వాల్వు చూడు, ఎక్కువైతే ఇదే లేచి వదిలేస్తుంది, దీన్ని ఎవరూ కట్టలేదు, నేను చూశాను, ఇది మన మాట వింటుంది, ఇప్పుడు ఈ ఈల తాడు నువ్వు లాగు. దాని చేత్తో అది లాగాలి. మీ నాన్న పిచ్చిపని చెయ్యలేదే, మీ నాన్న మంచి పని చేశాడు, దాన్ని వేరేవాళ్ళు పాడు చేశారు అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా దిగదు, ఈ ఈల చెబితే దిగుతుంది. ఇవాళ వస్తుంటే గేటు దాకా వచ్చి, "అత్తా, అది అరుస్తుందా?" అంది. నువ్వు అరవమంటేనే అరుస్తుంది అన్నాను.

జహీరున్నీసా గారు టీ తెచ్చి, గ్లాసు నా చేతికిచ్చి, భర్త గ్లాసు ఆయన చేతుల్లో పెట్టి వేళ్ళు దాని చుట్టూ మూసింది. "పొద్దున లేచిన కాడ్నించీ ఇదే గోలమ్మా ఈయనకి, టీ చల్లారుద్ది తాగవయ్యా" అంది. షెడ్డు మూల గోనెసంచీ మీద బొగ్గులు ఆరబోసి ఉన్నాయి, కడిగినట్టున్నారు, ఉసిరికాయలంత ముక్కలు, అన్నీ ఒక్క సైజువి. "మావాడి చేత కొట్టించానమ్మా. నువ్వు కొను, కొనకపో, అది నీ ఇష్టం. నీళ్ళ పరీక్ష అయినాక వాల్వులు బిగించి ఒక్కసారి వెలిగించు. నాకు కనపడదు, ఈల వింటా. హాస్పిటలు నుంచి వచ్చినాక దాన్ని వెలిగించిందే లేదు" అన్నారు బుడాన్ గారు. ఆయన కొడుకు మాలిక్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, సెంటర్లో మందు కొట్టే పంపుల రిపేరు షాపు అతనిది, పర్చూరు చుట్టుపట్ల మిరప తోటల వాళ్ళ పంపులన్నీ అతని చేతి మీదుగా పోవాల్సిందేనని వచ్చీ రాగానే ముసలాయన గొప్పగా చెప్పారు. మాలిక్ మాత్రం నేను వచ్చినప్పటి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంజను వెళ్ళిపోతోందని బాధేమో అనుకున్నాను.

ముల్లు నిలబడింది. నేను పెట్టుకున్న గడువు దాటింది, ఇంకాసేపు ఊరికే చూశాను, అది జారలేదు. నా గుండె ఎగిరింది, నిజం, ఇన్నేళ్ళలో ఇంత సంతోషం నాకు లేదు, లేచి నిలబడి, "పాసయిందండీ" అన్నాను, గొంతు పెద్దదైపోయింది. ముసలాయన రెండు చేతులూ ఎత్తి ముఖానికి రాసుకున్నారు. "నేను చెప్పలా!" అన్నారు భార్యతో. ఇక వెలిగించడమే. ఒత్తిడి దించబోతూ, పొయ్యి లోపల ఒకసారి చూడాలి అనుకున్నాను, అది ఎలాగూ చూడాలి, నిప్పు తాకేది అక్కడే. అడుగున బొగ్గు నిలిచే కమ్మీలను ముందే విప్పి పెట్టాను. రెండు స్టూళ్ళ మీద నిలబెట్టిన ఇంజను కింద వెల్లకిలా పడుకుని, టార్చి పళ్ళ మధ్య పట్టుకుని, దంతాల డాక్టర్ల చిన్న అద్దం ఉంటుందే, దాన్ని పైకి పోనిచ్చి ఒక్కో అతుకూ చూసుకుంటూ వచ్చాను. వెండి మాటు పచ్చగా, సన్నగా, తల వెంట్రుకంత గీతలా ఉంది. వెనక రేకు దగ్గరికి వచ్చేసరికి ఆ గీత లావెక్కింది. లావెక్కి, ముద్దగా, బొటనవేలి పొడవున. మసి నల్లగా ఉంది, కానీ మిగతా చోట మసి రాగిలోకి ఇంకి ఉంటే ఇక్కడ పైన పూసినట్టుంది. గోరుతో గీరాను. గోరు దిగింది. మసి కింద బూడిదరంగు, వెన్నలా మెత్తగా, గీసిన చోట మెరిసింది.

తగరం. పంపుల ఇత్తడి ట్యాంకీ చిల్లి పడితే వేస్తారే, ఆ తగరం మాటు. మందు నీళ్ళు మోసే ట్యాంకీకి అది చాలు, చల్లటి నీళ్ళకు అది ఎంతైనా ఆగుతుంది, అందుకే నా ముల్లు జారలేదు, నా పరీక్ష పరీక్షే కాదు. నిప్పు పెట్టి ఆవిరి పుట్టించాక అది మెత్తబడుతుంది, నీళ్ళు కాస్త తగ్గి మంట ఇటు తిరిగితే కరిగే పోతుంది, అప్పుడు ఆ పొడవునా రేకు విడిపోయి పొయ్యి తలుపులోంచి మరిగే నీళ్ళూ ఆవిరీ నిప్పులూ వెనక్కి కొడతాయి, వెనక అంటే తోలేవాడు కూర్చునే చోటు, తాడు పట్టుకుని మనోజ్ఞ కూర్చునే చోటు. నేను అక్కడే నేల మీద పడుకుని ఉండిపోయాను. లేవబుద్ధి కాలేదు. అద్దంలో నా గోటి గీత కనపడుతోంది. పైగా దీనికి విరుగుడు కూడా లేదు, ఒకసారి తగరం తాగిన రాగికి మళ్ళీ వెండి మాటు పట్టదు, వేడి చేస్తే తగరం రాగిలోకి దిగి దాన్నే తినేస్తుంది. ముందున్న చిన్న కారుడుకు వెండి మాటు వేసి ఉంటే ఈ బాయిలరు ఇంకో తరం బతికేది. బాగు చేసినవాడే దాన్ని చంపాడు.

చేతులు కడుక్కునే వంకతో పెరట్లో కుళాయి దగ్గరికి పోయాను. మాలిక్ వెనకే వచ్చాడు, రావాల్సిందే కదా. "నేనే మేడం" అన్నాడు, నేను అడక్కముందే. "నాయన హాస్పిటల్లో ఉన్నప్పుడు కారతా ఉంటే చూసి వేశా. ఇంటికొచ్చేసరికి రెడీగా ఉండాలని. పంపులకి వేసేదేగా, నా మాటు ఇంతవరకూ ఊడింది లేదు. కొత్తది కనపడితే నీటుగా ఉండదని మసి పూశా. మొన్న ఒక రైల్వే ఫిట్టరు చెప్పేదాకా నాకు తెలియదండీ ఇది తప్పని." తెలిశాక వాళ్ళ నాన్నకెందుకు చెప్పలేదని అడగలేదు, అతని ముఖం చూస్తే అడగనక్కర్లేదు. "చెప్పమాకండి మేడం. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు, ఎన్నాళ్ళో ఉండడు. కాస్తంత ఆవిరితో ఒక్క ఈల వేయిద్దాం. నేనే దగ్గరుంటా, మిమ్మల్నెవర్నీ దగ్గరికి రానివ్వను. ఒక్కసారికి ఏం కాదండీ."

ఏం కాదు. ఆ మాటకు ఒళ్ళు మండింది నాకు, ఎవడు కనిపెట్టాడో గానీ మా గుంటూరు వైపు సగం చావులు ఆ రెండు మాటల వల్లే, ఏం కాదు కట్టెయ్, ఏం కాదు ఎక్కెయ్, ఏం కాదు తాగెయ్. కొట్టాలనిపించింది. అంతలోనే అతని కళ్ళలో నీళ్ళు చూసి నా మీద నాకే చిరాకేసింది, ఇతనేం మేనేజరు కాదు, కంప మిగులుతుందని చేసిన పని కాదు ఇది. నిజంగానే ఒక్క ఈలకు ఏమీ కాకపోవచ్చు కూడా. కాస్త ఆవిరి చాలు. ఆ ముసలాయన ఆ ఈల విని పోతే ఎవరి సొమ్ము పోయింది? లేదా అబద్ధం చెబుతాను, గాజు గొట్టం పగిలిందంటాను, కొత్తది తెప్పించి వచ్చే వారం వెలిగిద్దామంటాను, వచ్చే వారానికి ఆయన ఉండరు. లేదా కొనేసి తీసుకుపోయి మా లాబ్‌లో అద్దాల బీరువాలో పెడతాను. ఆ తరవాత? నేను రిటైరయ్యాక ఎవడో కుర్ర లెక్చరరు బీరువా తెరిచి, అబ్బ ఎంత బాగుంది, నీళ్ళ పరీక్ష చేద్దాం అంటాడు. ముల్లు నిలబడుతుంది. పిల్లల్ని చుట్టూ నిలబెట్టి వెలిగిస్తాడు. కాలేజీ డే అయి ఉంటుంది. ఇక్కడే వదిలేసి పోతే రేపే మాలిక్ తండ్రి కోసం వెలిగిస్తాడు, ఆ చూపులోనే తెలుస్తోంది. ప్రద్యుమ్న బాయిలరు దగ్గరికి కూడా వాడి ముందు చాలామందే వచ్చి వెళ్ళి ఉంటారు, దిమ్మ చూసి ఉంటారు, మనకెందుకు అనుకుని ఉంటారు. నాకు ఆ ముసలాయన అంటే జాలిగా ఉంది, మాలిక్ అంటే జాలిగా ఉంది, నా అంత దౌర్భాగ్యురాలు ఉండదనిపించింది. కుళాయి కట్టేసి లోపలికి నడిచాను.

"బుడాన్ గారూ, దీన్ని వెలిగించకూడదండీ" అన్నాను.

"నీళ్ళు నిలబడ్డాయంటివి గదమ్మా."

"నీళ్ళకు నిలబడింది. వేడికి నిలబడదు."

ఆయన మంచం దిగారు. ఎవరి సాయమూ తీసుకోలేదు, ఆ షెడ్డులో ఆయనకు కళ్ళతో పని లేదు, నడిచొచ్చి ఇంజను పక్కన నేల మీద కూర్చుని, అడుగు నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చారు. ఆ వేళ్ళు అతుకు వెంట పోతూ పోతూ ఆగడం నాకు ఆయన ముఖంలోనే కనపడింది. గోరు దించారు. చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచారు. నేను పేరు చెప్పలేదు, చెప్పే పనీ లేకపోయింది, కొడుకు చేతి పని తండ్రికి తెలియదా, లావు ముద్ద, చివర నొక్కి తిప్పడం, చిన్నప్పుడు ఆయనే నేర్పి ఉంటారు. మాలిక్ గుమ్మంలోనే కూలబడి ఏడుస్తున్నాడు. జహీరున్నీసా గారు ఏమైంది, ఏమైంది అంటోంది.

"ఏరా, నా కోసమే చేశావా?" అన్నారు ముసలాయన. ఎంత మెల్లగా అన్నారంటే, తిట్టి ఉంటే బాగుండుననిపించింది. "మా మిల్లులో పనికిరాని బాయిలరుకు బెజ్జం కొట్టి వదిలేవాళ్ళం. ఇంకెవడూ దాంట్లో నిప్పు వెయ్యకుండా. పోయి డ్రిల్లు తే."

మాలిక్ తెచ్చాడు గానీ పట్టుకోలేకపోయాడు. ముసలాయన పట్టుకుంటే బిట్టు రాగి మీద జారిపోయింది. చివరికి నా చేతికే వచ్చింది. ఒత్తిడి దించాను, ముల్లు సున్నాకు పడిపోయింది, బాయిలరు పక్కన, కాగడా పెట్టి వెతికినా ఒక్క నొక్కు దొరకని ఆ నున్నటి రాగి మీద బిట్టు ఆనించి నొక్కాను. రాగి మెత్తన, ఎంతోసేపు పట్టలేదు. నీళ్ళు సన్నటి ధారగా వచ్చి నా చీర మీద పడ్డాయి. ముసలాయన ఆ చప్పుడు విని చెయ్యి చాపి, ధార కింద అరచెయ్యి పట్టి, అది చుక్కలయ్యేదాకా అలాగే కూర్చున్నారు. అయినా నేను తీసుకుపోతానండీ, అన్నాను, ఊరికే ఏదో ఒకటి అనాలి కాబట్టి. "వద్దమ్మా. ఆ బిడ్డకి చచ్చిపోయినదాన్ని చూపించమాక" అన్నారు. పొద్దున మనోజ్ఞ సంగతి ఆయనకు నేనే చెప్పాను.

మీటరు తుడిచి సంచీలో పెట్టుకుని కారు దగ్గరికి వచ్చాను. కల్లంలో ఆడవాళ్ళు ముఖాలకు గుడ్డలు కట్టుకుని కాయలు గ్రేడింగు చేస్తున్నారు, ఒకామె నన్ను చూసి పక్కకు జరిగి దారి ఇచ్చింది. డ్రైవింగు సీట్లో కూర్చున్నాను, తాళం తిప్పలేదు. ఫోను మోగింది. రాగసుధ అనుకున్నాను, మనోజ్ఞ.

"అత్తా, కొన్నావా?"

"లేదు నాన్నా."

"ఎందుకు? అది అరుస్తుందా?"

"అరవదు" అన్నాను. "ఇంకెప్పుడూ అరవదు."

"హమ్మయ్య" అంది పిల్ల. ఆ మాటలో ఎంత సంతోషమో. "మంచిదైంది అత్తా" అని, అమ్మా, అత్త దాన్ని తేవట్లేదంట, అని అరుచుకుంటూ లోపలికి పరిగెత్తింది.